రెండు పెట్టెల నిండా పేర్లు

(తల్లిదండ్రుల, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆపత్కాలంలో పిల్లలను, పత్రాలను ఎట్లా కాపాడుకోవాలన్నది ఈనాడు మాకు అప్పగించిన విషయం. దీనిపై ఉపదేశం చేయడం సులభం. కానీ ఉపదేశం సభ ముగియగానే మరపునకు వస్తుంది. అందుచేత ఒక స్త్రీ జీవితాన్ని, ఆమె కాపాడిన కాగితాల కథను మీ ముందుంచ సంకల్పించాము. ఆమె పేరు ఫ్రీడల్ డికర్ బ్రాండైస్. ఆమె చిత్రకారిణి, ఉపాధ్యాయిని. 1898 జులై 30న వియన్నా నగరంలో జన్మించారు. 1944 అక్టోబరులో నాజీల ఆష్విట్జ్ మృత్యుశిబిరంలో హతులయ్యారు. ఆమె వెనుక మిగిలినది ప్రధానంగా రెండు సూట్‌కేసుల కాగితాలు. వాటిలో సుమారు 4,500 బొమ్మలున్నాయి. అవన్నీ పిల్లలు గీసినవి.

మీలో కొందరికి ఒక సందేహం కలగవచ్చు. ముస్లిం కుటుంబాల సభలో, అందునా పాలస్తీనా బిడ్డల కోసం ప్రతి నమాజులోనూ దుఆ చేస్తున్న ఈ రోజుల్లో, ఒక యూదు స్త్రీ ప్రస్తావన దేనికని. ఈ సందేహం మాకూ కలిగింది. ఆలోచించిన కొద్దీ ఆ కారణంగానే ఈ కథ చెప్పాలనిపించింది. అన్యాయానికి గురైన బిడ్డ ఏ మతంవాడని అడిగి కన్నీరు కార్చడం మన ధర్మం కాదు. ఆనాటి మధ్య యూరప్‌లో యూదులు అల్పసంఖ్యాకులు. ఒక ఆధునిక రాజ్యం తన పౌరులలో ఒక వర్గాన్ని ఏ మెట్లు ఎక్కించి మృత్యుముఖానికి చేర్చిందో తెలుసుకోవడం ప్రపంచంలోని ప్రతి అల్పసంఖ్యాక వర్గానికీ అవసరం. ఆ మెట్ల మీద నిలబడి ఒక స్త్రీ ఏమి చేయగలిగిందో తెలుసుకోవడం అంతకన్నా అవసరం.

ఫ్రీడల్ నాలుగేళ్ళ వయసులోనే తల్లిని కోల్పోయారు. తండ్రి సైమన్ డికర్ కాగితాలు, కలాలు అమ్మే దుకాణంలో ఉద్యోగి. ఆటబొమ్మలు కొనే స్తోమత ఆ ఇంటికి లేకపోయినా కాగితానికీ రంగులకూ కొదవ లేదు. తల్లి లేని పిల్లకు కాగితమే తోడయింది. ఆమె వియన్నాలో ఫొటోగ్రఫీ, నేతకళ అభ్యసించారు. పిల్లలకు చిత్రలేఖనం నేర్పడంలో కొత్తదారి వేసిన ఫ్రాన్స్ చిజెక్ వద్ద, ఆ తర్వాత యోహన్నెస్ ఇట్టెన్ వద్ద చదివారు. 1919లో ఇట్టెన్ జర్మనీలోని వైమార్ నగరంలో బౌహౌస్ అనే ప్రసిద్ధ కళాశాలకు అధ్యాపకునిగా వెళ్ళినప్పుడు, ఆయన శిష్యులతో పాటు ఆమె కూడా అక్కడికి వెళ్ళి 1923 దాకా విద్యనభ్యసించారు.

తర్వాత వియన్నాకు తిరిగి వచ్చి, ఫ్రాన్స్ సింగర్ అనే సహాధ్యాయితో కలిసి ఇళ్ళకు, దుకాణాలకు, బడులకు సామగ్రి రూపకల్పన చేసే సంస్థను నడిపారు. మడిచి పెట్టుకోగల మంచాలు, ఒకదానిపై ఒకటి పేర్చగల కుర్చీలు, ఇరుకు గదుల్లో నివసించేవారికి ఉపయోగపడే వస్తువులు వారి ప్రత్యేకత. కార్మికుల నివాస సముదాయంలో మాంటిస్సోరి పద్ధతిలో నడిచిన ఒక శిశువిహారానికి గదులను, సామగ్రిని తీర్చిదిద్దిన ఘనత కూడా వారిదే.

1934లో ఆస్ట్రియాలో నియంతృత్వం బలపడిన వేళ, కమ్యూనిస్టు కార్యకలాపాల ఆరోపణపై ఆమెను అరెస్టు చేశారు. ఆ విచారణ గదిని ఆమె తర్వాత చిత్రంగా గీశారు. విడుదలయ్యాక వియన్నాను విడిచి ప్రాగ్ నగరం చేరారు. జర్మనీ, ఆస్ట్రియాల నుండి పారిపోయి వచ్చిన కుటుంబాలతో అప్పటికే ఆ నగరం నిండుతోంది. ఆ శరణార్థుల పిల్లలను చేరదీసి ఆమె చిత్రలేఖనం నేర్పసాగారు. బాధిత శిశువు చేతికి రంగు అందిస్తే ఏమి జరుగుతుందో ఆమె మొదట గమనించినది ఇక్కడే. వియన్నాలోనే ఆమె వద్ద చదివి, ప్రాగ్‌కు వెంట వచ్చి, ఈ పాఠాలలో సాయపడిన ఎడిత్ క్రామర్ 1938లో అమెరికా చేరి, చిత్రకళ ద్వారా మనోవైద్యం అనే శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరయ్యారు. 1936లో ఫ్రీడల్ తన బంధువైన పావెల్ బ్రాండైస్‌ను వివాహమాడారు. ఆమెకు సంతానం కలగలేదు.

ఈ సమయంలోనే ఆమెకు పాలస్తీనాకు వెళ్ళే అనుమతి లభించింది. భర్తకు లభించలేదు. ఆయనను విడిచి వెళ్ళడానికి ఆమె అంగీకరించలేదు. 1938లో దంపతులు హ్రోనోవ్ అనే చిన్న ఊరికి తరలి అక్కడే తలదాచుకున్నారు. ఆ సంవత్సరాల్లో హిల్డె కోత్నీ అనే మిత్రురాలికి ఆమె రాసిన ఉత్తరాలు నేటికీ నిలిచివున్నాయి. ఉద్యోగం పోయి, ఒక ఇంటి నుండి మరో ఇంటికి మారవలసి వస్తున్న కాలంలో ఆమె తన మిత్రురాలితో చిత్రకళ గురించి, చదివిన పుస్తకాల గురించి ముచ్చటించారు.

సోదర సోదరీమణులారా, ఇక్కడ మనం కాసేపు ఆగి, ఆ కాలపు చట్టాలను పరికించాలి. అణచివేత మొదట వచ్చినది తుపాకీతో కాదు, కాగితంతో. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు జర్మనీలోని యూదుల పౌరసత్వాన్ని తొలగించాయి. 1938 ఆగస్టులో వచ్చిన మరొక ఆజ్ఞ పేర్ల జోలికి వెళ్ళింది. నిర్ణీత జాబితాలోని పేరు లేని ప్రతి యూదు పురుషుడూ తన పేరుకు ‘ఇజ్రాయెల్’ అనీ, ప్రతి స్త్రీ ‘సారా’ అనీ చేర్చుకోవలసి వచ్చింది. తల్లిదండ్రులు ముద్దుగా పెట్టుకున్న పేరును రాజ్యం తన దఫ్తరులో దిద్దింది. అదే ఏడాది అక్టోబరులో వారి పాస్‌పోర్టులపై ఎర్రని అక్షరం ముద్రించారు. 1939 మార్చిలో జర్మన్ సైన్యం ప్రాగ్‌లో ప్రవేశించింది. 1940లో ఆ ప్రాంతంలోని యూదు పిల్లలను చెక్ బడుల నుండి బహిష్కరించారు. 1941 సెప్టెంబరు నుండి ఆరేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ బట్టలపై పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకొని తిరగాలన్నారు. పౌరసత్వం, పేరు, బడి ఈ క్రమంలో తొలగించిన తర్వాతనే రైళ్ళు కదిలాయి. రైలెక్కిన మనిషికి మిగిలినది ఒక సంఖ్య మాత్రమే.

1942 డిసెంబరులో ఫ్రీడల్ దంపతులకు పిలుపు వచ్చింది. మనిషికి 50 కిలోల సామాను మాత్రమే అనుమతి. చలికాలం ముంచుకొస్తోంది. అటువంటి వేళ ఎవరైనా దుప్పట్లు, తిండి సర్దుకుంటారు. ఆమె తన సామానులో వీలైనంత చోటును కాగితాలకు, రంగులకు కేటాయించారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఆమెకు తెలుసు. అక్కడ పిల్లలుంటారనీ తెలుసు.

వారిని తీసుకెళ్ళిన చోటు తెరెజిన్. ప్రాగ్‌కు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, 18వ శతాబ్దంలో కట్టిన కోట పట్టణం. యుద్ధానికి ముందు సైనికులతో కలిపి ఏడు వేల మంది ఉన్న ఆ చోట, 1942 సెప్టెంబరులో దాదాపు 58,000 మందిని కుక్కారు. మొత్తం మీద 1,40,000 మందికి పైగా ఆ శిబిరం గుండా గడిచారు. ఆకలితో, రోగాలతో అక్కడే మరణించినవారు సుమారు 33,000. మరో 88,000 మందిని తూర్పున ఉన్న మృత్యుశిబిరాలకు తరలించారు.

తల్లిదండ్రుల నుండి వేరుచేసిన పిల్లలలో చాలామందిని ప్రత్యేక గృహాలలో ఉంచారు. వారికి చదువు చెప్పడం నిషిద్ధం. పాటలు పాడించడం, చేతిపనులు చేయించడం, బొమ్మలు గీయించడం వరకు అధికారులు అడ్డు చెప్పలేదు. ఆ సందు గుండానే ఖైదీలైన ఉపాధ్యాయులు విద్యను లోనికి తెచ్చారు. ఫ్రీడల్ ఎల్ 410 అనే బాలికల గృహంలో నివసిస్తూ, ఇతర గృహాలకూ వెళ్ళి పాఠాలు చెప్పారు.

తెచ్చుకున్న కాగితం ఎన్నాళ్ళు వస్తుంది? అది తరిగాక, వాడి పారేసిన కార్యాలయ ఫారాలు, పొట్లాలు చుట్టిన కాగితాలు, చిత్తు ముక్కలు సేకరించారు. ఏ యంత్రాంగం మనుషులను జాబితాలుగా మార్చిందో, ఆ యంత్రాంగపు ఫారాల వెనుక వైపున పిల్లలు ఇళ్ళు, పూలు, పక్షులు గీశారు. రంగులు లేనప్పుడు ఆ ముక్కలనే చింపి, అతికించి చిత్రాలు చేశారు. లయను అనుసరించి గీతలు గీయడం, ఎదుట ఉన్న వస్తువును శ్రద్ధగా చూసి వేయడం, మహా చిత్రకారుల నకళ్ళను చూసి నేర్చుకోవడం, విడిచి వచ్చిన ఇంటిని జ్ఞాపకం చేసుకొని గీయడం ఆమె పాఠాలలోని అభ్యాసాలు. ఇవి తాను బౌహౌస్‌లో నేర్చిన అభ్యాసాలే. యూరప్‌లోని ఉత్తమ కళాశాల విద్యను ఆమె ఆకలిగొన్న పిల్లలకు ఏ కోతా లేకుండా అందించారు. శిబిరం పిల్లలకు ఈ మాత్రం చాలుననే తక్కువచూపు ఆమెలో లేదు.

ఇక మనం మరువకూడని సంగతి ఒకటుంది. ప్రతి బొమ్మ మీద పిల్లలు తమ పేరు రాయాలని ఆమె పట్టుబట్టారు. నేడు ఆ బొమ్మలను చూస్తే చాలావాటిపై పిల్లవాని పేరు కనిపిస్తుంది, కొన్నింటిపై గృహం సంఖ్య, గది, పాఠం తేదీ కూడా ఉంటాయి. బయట ఆ బిడ్డ రవాణా జాబితాలో ఒక అంకె. ఈ గదిలో మాత్రం అమ్మ పిలిచిన పేరుతో ఉన్న మనిషి. ఆమె నినాదాలు చేయలేదు, కరపత్రాలు పంచలేదు. రాజ్యం లాక్కున్న పేరును రోజూ కొందరు పిల్లలకు తిరిగి ఇచ్చారు.

1943 జులైలో శిబిరంలోని ఉపాధ్యాయుల ఎదుట ఆమె పిల్లల చిత్రలేఖనంపై ప్రసంగించారు. ఆ ప్రసంగ పాఠం నిలిచివుంది. పిల్లలను చిత్రకారులుగా తయారుచేయడం తన ఉద్దేశం కాదని, వారిలోని సృజనశక్తిని, స్వతంత్రంగా ఆలోచించే గుణాన్ని, పరిశీలనను మేల్కొల్పడమే తన లక్ష్యమని అందులో వివరించారు. పెద్దలు తమ అభిరుచిని పిల్లలపై రుద్దరాదని, వారి బొమ్మలను తొందరపడి దిద్దరాదని హెచ్చరించారు. ఆ హాలులో కూర్చున్న వారందరికీ తాము తర్వాతి రైలు జాబితాలో ఉండవచ్చునని తెలుసు. అయినా వారు సమావేశమై, బిడ్డ గీసిన గీతను ఎట్లా గౌరవించాలో చర్చించారు. మన సభలకు, మన బడుల కమిటీలకు ఇంతకన్నా గొప్ప ఆదర్శం మాకు తోచడం లేదు.

మరుసటి సంవత్సరం జరిగిన ఒక సంఘటనను దీని పక్కన పెట్టి చూడండి. 1944 జూన్ 23న అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధి, డెన్మార్క్ ప్రతినిధులు తెరెజిన్‌ను సందర్శించారు. అధికారులు ముందుగానే వీధులు కడిగించారు, ఇళ్ళకు రంగులు వేయించారు, పూలమొక్కలు నాటించారు. జనం కిక్కిరిసినట్టు కనిపించకూడదని మే నెలలోనే సుమారు 7,500 మందిని ఆష్విట్జ్‌కు తరలించారు. అతిథులు చూపినది చూసి వెళ్ళారు. తర్వాత రెడ్‌క్రాస్ ప్రతినిధి సమర్పించిన నివేదిక ఆ పట్టణాన్ని మామూలు ఊరిలాగానే చిత్రించింది. ముద్రలు, సంతకాలు ఉన్న ఆ అధికార పత్రం వాస్తవాన్ని చెప్పలేకపోయింది. పన్నెండేళ్ళ పిల్లలు చిత్తు కాగితం మీద వేసి, పేరు రాసి ఇచ్చిన బొమ్మలు చెప్పాయి. విచారణ సంఘాలు వచ్చి చూసి వెళ్తే చాలునని నమ్మే కార్యకర్తలం మనం ఈ పోలికను మనసులో ఉంచుకోవాలి. బాధితులు తమ చేతితో నమోదు చేసుకున్నది ఏ నివేదికకూ తీసిపోదు.

1944 సెప్టెంబరు 28న పావెల్‌ను తూర్పుకు తరలించారు. ఫ్రీడల్ పేరు ఆ జాబితాలో లేదు. ఆమె తానుగా కోరి తర్వాతి రవాణాలలో తన పేరు చేర్పించుకున్నారు. బయలుదేరే ముందు పిల్లల బొమ్మలన్నీ సమకూర్చి రెండు సూట్‌కేసులలో సర్దారు. అవి బాలికల గృహంలో రహస్యంగా ఉండిపోయాయి. అక్టోబరు 6న ఆమె రైలెక్కారు. ఆమె శిష్యులలో అనేకులు ఆ రైలులోనే ఉన్నారు. మూడు రోజులకు, అక్టోబరు 9న, ఆష్విట్జ్‌లో ఆమెను చంపివేశారు. వయసు 46 సంవత్సరాలు. ఎవరిని కలవాలని వెళ్ళారో ఆ భర్త ప్రాణాలతో బయటపడ్డారు.

యుద్ధం ముగిశాక, 1945 ఆగస్టులో, బాలికల గృహానికి చివరి నిర్వాహకుడైన విల్లీ గ్రోగ్ ఆ రెండు సూట్‌కేసులను ప్రాగ్‌లోని యూదు సమాజ కార్యాలయానికి చేర్చారు. చావు వార్తలతో, తప్పిపోయినవారి వెతుకులాటతో సతమతమవుతున్న ఆ రోజుల్లో పిల్లల బొమ్మల విలువ గ్రహించినవారు తక్కువ. కాలక్రమంలో అవి ప్రాగ్ యూదు మ్యూజియానికి చేరాయి. 1959లో పిల్లల బొమ్మలతో, కవితలతో వెలువడిన ఒక పుస్తకం ద్వారా ప్రపంచానికి తెలిశాయి. పేర్లు రాసి ఉన్నందువల్లనే, ఒక్కొక్క బొమ్మను రవాణా జాబితాలతో సరిపోల్చి ఆ బిడ్డ ఎవరో, ఏమయ్యాడో తేల్చగలిగారు. బొమ్మలు గీసినవారు సుమారు 660 మంది. వారిలో 550 మంది దాకా హతులయ్యారు. ఆ బిడ్డలలో ఎందరికో ఈ లోకంలో మిగిలిన గుర్తు ఆ ఒక్క కాగితమే.

ప్రాగ్‌లోని పింకస్ ప్రార్థనాలయంలో నేడు ఆ బొమ్మలలో కొన్ని ప్రదర్శనలో ఉన్నాయి. అదే భవనపు గోడలపై ఆ దేశంలో హతులైన సుమారు 78,000 మంది యూదుల పేర్లు చేతితో రాశారు. 1950లలో రాసిన ఆ పేర్లు భూగర్భజలపు తేమకు దెబ్బతిన్నాయి. 1968లో మూతబడిన భవనం రెండు దశాబ్దాలకు పైగా తెరుచుకోలేదు. గోడల మీది పేర్లు చెరిగిపోయాయి. 1990లలో వాటిని మొదటి నుండి మళ్ళీ రాశారు. మొదటిసారి రాసినప్పటి జాబితాలు లేకుంటే రెండవసారి రాయడం సాధ్యమయ్యేది కాదు.

మిత్రులారా, ఈ కథ విన్న మనం ఇళ్ళకు వెళ్ళి ఏమి చేయాలి?

మా ఇళ్ళలో, మీ ఇళ్ళలో ఒక ఇనుప పెట్టె ఉంటుంది. దానిలో నానీ నిఖానామా, దాదా పట్టా కాగితం, పిల్లల బడి సర్టిఫికెట్లు, రేషన్ కార్డు ఒక పాత ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంటాయి. తీసి చూడండి. ఒక కాగితంలో ‘షేక్’ ఉంటుంది, మరో దానిలో ‘షైక్’. ఒక చోట ‘బీ’, ఇంకో చోట ‘బేగం’, వేరొక చోట ఆ రెండూ లేవు. మగపిల్లల పేర్లు దిద్దించుకుంటాం గాని ఆడపిల్లల పేర్ల దగ్గరకు వచ్చేసరికి ‘పెళ్ళయితే ఎలాగూ మారుతుంది కదా’ అని వదిలేస్తాం. పేరు చిన్న సంగతి కాదని ఈ కథ చెబుతోంది. వీలున్నప్పుడే సరిచేయించండి. ప్రతి పత్రానికీ నకళ్ళు తీసి, ఒకటి వేరే ఊరిలోని బంధువుల ఇంట ఉంచండి. ఫ్రీడల్ తన వెంట తీసుకువెళ్ళకుండా వెనుక నమ్మకమైన చోట విడిచిపెట్టినందువల్లనే ఆ బొమ్మలు మిగిలాయి. మస్జిదు కమిటీల వద్ద, ముతవల్లీల ఇళ్ళలో ఉన్న వక్ఫ్ కాగితాలకూ ఇదే వర్తిస్తుంది. చెదలకు ధర్మాధర్మ విచక్షణ ఉండదు.

రెండవ మాట సహాయ కార్యకర్తలకు. వరద వచ్చినా, అల్లరి జరిగినా, ఇళ్ళు కూల్చివేసినా మనం బియ్యం, దుప్పట్లు, మందులు చేరవేస్తాం. చేయవలసిందే. వాటితో పాటు ఒక కట్ట కాగితాలు, కొన్ని రంగు పెన్సిళ్ళు కూడా తీసుకువెళ్దాం. పిల్లలను ఒక చోట కూర్చోబెట్టి గీయమని అడగగల ఒక అక్కను వెంట తీసుకువెళ్దాం. ఆమె వారి బొమ్మలను దిద్దకుండా, ఏడ్చిన బిడ్డను ఎందుకేడ్చావని నిలదీయకుండా ఉంటే చాలు. చివర పేరు, ఊరు, తేదీ రాయించి ఆ కాగితాలను భద్రపరుద్దాం. అయితే ఆ పిల్లల బాధను చందాల కోసం ప్రదర్శనకు పెట్టకుండా జాగ్రత్తపడదాం. ఫ్రీడల్ వాటిని ఎవరికీ చూపి సానుభూతి కోరలేదు.

ఈ సభకు వచ్చిన పిల్లల కోసం వెనుక గదిలో కాగితాలు, రంగులు ఉంచాము. మేము మాట్లాడుతున్నంతసేపూ వారు గీస్తూనే ఉన్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ బొమ్మలను అడిగి తీసుకోండి. కింద పేరు లేకపోతే రాయమని చెప్పండి. అక్షరం వంకరగా ఉన్నా మీరు దిద్దకండి.